కరక్కాయ పెచ్చులకు బూజు పట్టించి గాలిక్ యాసిడ్ తీయొచ్చా? రాయగడలో చిన్న యూనిట్ గిట్టుబాటవుతుందా?

మీరు అడిగింది ఇదీ: ఒడిశాలోని రాయగడ, మునిగుడ సంతల్లో కరక్కాయ బాగా దొరుకుతోంది. దాని పెచ్చులకు బూజు పట్టించి, మందుల కంపెనీలు కొనే గాలిక్ యాసిడ్ తీయొచ్చని ఒక వీడియోలో చూశారు. అది నిజమేనా, ఇంటి వెనక షెడ్డులో అవుతుందా అని. బూజు సంగతి నిజమే. షెడ్డు సంగతే నేను వద్దంటాను.

మాది గుణుపురం. బరంపురంలో ఎమ్మెస్సీ చేసినప్పుడు నా ప్రాజెక్టు ఇదే. అటవీ సరుకు కొనే మా మామయ్య కొట్టు నుంచే పెచ్చులు తెచ్చుకున్నాను. ఎందుకో చెబితే ఆయన నవ్వారు: "ఏటిరా, బూజు పట్టిందని మేం బస్తాలకి బస్తాలు పారబోస్తంటే, నువ్వు కావాలని పట్టిస్తన్నావా?"

కరక్కాయ వగరంతా టానిన్‌ది. మధ్యలో ఒక గ్లూకోజ్, దాని చుట్టూ అతుక్కున్న గాలిక్ యాసిడ్ ముక్కలు, స్థూలంగా టానిన్ అంటే అంతే. ఆస్పర్‌జిల్లస్ నైగర్ లాంటి బూజులు టానేజ్ అనే ఎంజైమ్‌ను వదులుతాయి. అది ఆ అతుకుల్ని తెంపుతుంది. ఇదేం కొత్త కిటుకు కాదు. 1786లోనే షీలే అనే రసాయన శాస్త్రవేత్త మాచికాయ కషాయాన్ని బూజు పట్టేదాకా వదిలేసి గాలిక్ యాసిడ్ తీశాడు. ఆ పని చేసేది శిలీంధ్రాలని 1867లో వాన్ టీగెమ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. మన దేశంలో ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు కరక్కాయ మీదే రైజోపస్ ఒరైజే అనే బూజుతో పనిచేశారు.

ల్యాబ్‌లో చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. పొడిని లవణాల నీళ్లతో తడిపి, ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రం) ఉడికించి, చల్లారాక బూజు విత్తనం వేసి 30 డిగ్రీల దగ్గర ఉంచుతాం. ముందు తెల్లగా దూదిలా అల్లుకుంటుంది, తర్వాత పైన నల్లటి పొడి లేస్తుంది. ఆ నల్లపొడి ముక్కులోకి పోతే మంచిది కాదు. షెడ్డు వద్దనడానికి మొదటి కారణం అదే.

వీడియోల్లో అన్నభేది కలిపి, నల్లబడగానే "చూశారా, గాలిక్ యాసిడ్ వచ్చేసింది" అంటారు. అది నమ్మకండి. పాతకాలం సిరా కరక్కాయ, అన్నభేదితోనే చేసేవారు. టానిన్ ఉన్నా నల్లబడుతుంది, గాలిక్ యాసిడ్ ఉన్నా నల్లబడుతుంది. తేడా తెలియాలంటే ఉప్పు కలిపిన జెలటిన్ ద్రావణం వేసి చూడాలి. టానిన్ మిగిలుంటే తెల్లగా విరుగుతుంది. గాలిక్ యాసిడ్ ఒక్కటే అయితే విరగదు. రోజూ కొంచెం వడకట్టి ఇలా చూస్తుంటే ఆ విరగడం తగ్గుతూ రావడం కంటికే తెలుస్తుంది. అలాగని ఎక్కువ రోజులు వదిలేయకూడదు. తిండి తక్కువైతే బూజు గాలిక్ యాసిడ్‌నే తినేస్తుంది. ఎప్పుడు ఆపాలన్నదే మాకు అన్నిటికంటే పెద్ద టెన్షన్.

ఎంత దిగుబడి వస్తుందన్న లెక్క కూడా వీడియోలో చెప్పినంత ఉండదు. పుస్తకంలో బొమ్మ గీసే టానిక్ యాసిడ్ అనే టానిన్ ఒక్కో అణువుకి 10 గాలిక్ యాసిడ్‌లు ఇస్తుంది. కరక్కాయలో ముఖ్యంగా ఉండేవి చెబులినిక్, చెబులాజిక్ యాసిడ్‌లనే టానిన్‌లు. చెబులినిక్‌ను పూర్తిగా విడగొట్టినా 3 గాలిక్ యాసిడ్‌లే, దాంతోపాటు చెబులిక్ యాసిడ్ అనే వేరే యాసిడ్ కూడా వచ్చి కలుస్తుంది. అంటే సరుకు తక్కువ, శుభ్రం చేసే పని ఎక్కువ.

శుభ్రం చేసే సూత్రం తేలికే. 1 గ్రాము గాలిక్ యాసిడ్ కరగడానికి మామూలు నీళ్లు 87 మిల్లీలీటర్లు కావాలి, మరిగే నీళ్లయితే 3 చాలు. వేడిగా కరిగించి చల్లారబెడితే స్ఫటికాలు దిగుతాయి. నాకు మొదట దిగినవి గోధుమ రంగులో ఉన్నాయి. రంగు పోవడానికి బొగ్గుపొడి వేసి మళ్లీ మళ్లీ స్ఫటికీకరించాలి, ప్రతిసారీ కొంత సరుకు నీళ్లలోనే పోతుంది. ఖర్చంతా ఇక్కడే.

అలాగైతే పరిశ్రమలు బూజుల్ని ఎందుకు వాడతాయి అంటారా? రసాయనాలకు లొంగని చోట వాడతాయి. స్టెరాయిడ్ అణువులో 11వ కార్బన్ దగ్గర ఆక్సిజన్ తగిలించడం రసాయన పద్ధతిలో పెద్ద తంటా, కార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందు తయారీకి 30కి పైగా మెట్లు పట్టేవి. 1952లో అప్‌జాన్ కంపెనీ పరిశోధకులు రైజోపస్ బూజుతో ఆ ఆక్సిజన్‌ను ఒక్క మెట్టులో తగిలించారు. ఆముదంలోని రిసినోలిక్ యాసిడ్ నుంచి ఒక ఈస్ట్ పీచ్ పండు వాసన తయారుచేస్తుంది, అదీ అలాంటిదే. గాలిక్ యాసిడ్ కథ వేరు. టానిన్‌ను మామూలు యాసిడ్‌తోనో క్షారంతోనో కూడా విడగొట్టొచ్చు. చైనా మాచికాయలతో, పెరూ తారా కాయలతో పెద్ద ఎత్తున చేసే వాళ్లతో మీరు ధరలో పోటీ పడాలి. ట్రైమెథోప్రిమ్ అనే మందుకైనా, నూనెలు పాడవకుండా కలిపే ప్రొపైల్ గాలేట్‌కైనా కొనేవాడు స్వచ్ఛత కాగితం అడుగుతాడు, బూజుతో చేశారా అని అడగడు.

అయినా చేసి చూడాలనుంటే దగ్గర్లోని కాలేజీ ల్యాబ్‌తో మాట్లాడుకోండి. రొట్టె మీద బూజు గీకి వాడొద్దు, కొన్ని బూజులు విషం చేస్తాయి. సూక్ష్మజీవుల్ని భద్రపరిచి ఇచ్చే చండీగఢ్‌లోని ఎంటీసీసీ సంస్థ నుంచి, ఏ జాతో తేల్చి పేరు పెట్టిన బూజు కల్చర్ తెప్పించుకోవచ్చు. చేసిన సరుకు కొంచెం హెచ్‌పీఎల్‌సీ అనే స్వచ్ఛత పరీక్షకు పంపి, ఆ రిపోర్టు పట్టుకుని కొనేవాళ్ల దగ్గరకు వెళ్లండి. వాళ్లు రేటు చెప్పేదాకా యంత్రాలమ్మేవాడికి అడ్వాన్సు ఇవ్వకండి. ఈలోగా గింజ తీసేసి, పెచ్చులు బాగా ఎండబెట్టి, నల్లబడినవి ఏరేసి అమ్మినా గింజ తీయని కాయకంటే మంచి రేటు పలుకుతుంది. మా మామయ్య ఇప్పటికీ అదే చేస్తున్నారు.