తేదీ చూసుకో చిన్నీ

చిరంజీవి చిన్నికి పెదనాన్న ఆశీస్సులు.

జూన్‌లో ఒక్కదానివే సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్‌కు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పగానే గుండె పొంగింది, ఆ వెంటనే గుబులూ పట్టుకుంది. పాస్‌పోర్టు గడువు, వీసా, మందులు నువ్వే చూసుకుంటావు. నా భయమంతా గంటల లెక్క దగ్గరే.

ఆ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 12,000 కిలోమీటర్లు. ఇది గ్లోబు మీద దారం బిగించి కొలిచే దూరం, గోడ మ్యాపు మీద స్కేలు పెడితే వచ్చేది కాదు. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకుని భాగిస్తే 13 గంటల 20 నిమిషాలు. టికెట్‌లో రాసే సమయం మాత్రం గేటు వదిలింది మొదలు అవతలి గేటు చేరేదాకా. వెళ్లేటప్పుడు దాదాపు పదమూడున్నర గంటలు, వచ్చేటప్పుడు 15. విమానం ఎగిరే ఎత్తున గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. వెళ్లేటప్పుడు వెనక నుంచి నెడుతుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది.

ఇక అందరూ బోల్తాపడే చోటు. టికెట్ మీద బయలుదేరే సమయం సిడ్నీది, దిగే సమయం లాస్ ఏంజెలెస్‌ది. జూన్ 10న ఉదయం 10 గంటలకు ఎక్కితే అదే జూన్ 10న ఉదయం ఆరున్నరకు దిగుతావు! జూన్‌లో లాస్ ఏంజెలెస్ కంటే సిడ్నీ గడియారం 17 గంటలు ముందుంటుంది మరి. డిసెంబరులో అయితే 19, లాస్ ఏంజెలెస్‌లో గడియారం వెనక్కి, సిడ్నీలో ముందుకి జరుపుతారు కాబట్టి. అందుకే పాత టికెట్ చూసి కొత్త ప్రయాణానికి లెక్క కట్టకు. హోటల్ గది 10వ తేదీకే ఉండాలి. అదీ పొద్దున్నే ఇస్తారో, మధ్యాహ్నం దాకా కూర్చోబెడతారో ముందే అడుగు.

తిరుగు ప్రయాణం ఇంకా కష్టం. 20వ తేదీ రాత్రి పదిన్నరకు ఎక్కితే సిడ్నీలో దిగేది 22వ తేదీ ఉదయం ఆరున్నరకు. 21వ తేదీ నీకు దాదాపు ఉండదు. ఆ రోజు ఆఫీసుకొస్తానని మాటిచ్చావా, చెప్పు? టికెట్‌లో దిగే సమయం పక్కన చిన్న అక్షరాల్లో +2 అని ఉంటుంది, దాన్ని చూడకుండా వదలకు. అర్ధరాత్రి 12:10 విమానమైతే మరీ జాగ్రత్త తల్లీ. 15వ తేదీ 12:10 అంటే 14 రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 15 రాత్రి తీరిగ్గా వెళ్తే విమానం వెళ్లిపోయి రోజు గడిచిపోయి ఉంటుంది.

లాస్ ఏంజెలెస్ నుంచి ఇంకో విమానం పట్టుకోవాలంటే మధ్యలో మూడు గంటలకు తక్కువ కాకుండా చూడు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ అవుతుంది, సాధారణంగా పెట్టె తీసుకుని మళ్లీ అప్పగించాలి. రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా వాళ్లే ఇంకోదాంట్లో కూర్చోబెడతారు. విడివిడిగా కొంటే రెండో టికెట్ డబ్బు పోయినట్టే. నాలుగు డబ్బులు మిగులుతాయని ఆ పని చెయ్యకు, నా మాట విను.

విమానంలో గంటకోసారి లేచి నడువు, నీళ్లు తాగు.

టికెట్ రాగానే నాలుగు సమయాలూ, తేదీలతో సహా, ఏ ఊరివో రాసి నాకు పంపు. నేనూ వేళ్లు మడిచి ఓసారి సరిచూస్తాను.

నీ పెదనాన్న