రాత్రంతా లైన్ కట్టే ముందు, అది ఏ లైనో తెలుసుకోండి

అక్కా, మీరు అడిగింది ఇది: బిడ్డ జెర్సీ సిటీలో ఎంఎస్ చదువుతోంది, మీరిద్దరూ హన్మకొండ నుంచి నెల రోజులకని పోతున్నారు, న్యూయార్క్‌లో హామిల్టన్ మ్యూజికల్, అంటే పాటల నాటకం, చూడాలని ఉంది, టికెట్ ధర చూస్తే గుండె గుభేల్మంది, రాత్రంతా థియేటర్ ముందు లైన్ కడితే చౌకగా దొరుకుతుందా అని.

లైన్ కడితే టికెట్ దొరకడం వేరు, చౌకగా దొరకడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకునే చాలామంది రాత్రి నిద్ర పోగొట్టుకుంటారు. న్యూయార్క్‌లో పెద్ద నాటకాలాడే పేట బ్రాడ్‌వే, అక్కడి థియేటర్ ముందు కనిపించే లైన్ మూడు రకాలు. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు.

టికెట్లన్నీ అమ్ముడుపోయిన ఆటకు కట్టేది క్యాన్సిలేషన్ లైన్. ప్రతి ఆటకూ నటులు, నిర్మాతలు, మిగతా బృందం కోసం కొన్ని సీట్లు ఆపి ఉంచుతారు. వాళ్లు వాడుకోనివి ఆట దగ్గరపడ్డాక కౌంటర్‌కు తిరిగొస్తాయి. ఒకటి మధ్యాహ్నం రావచ్చు, ఒకటి తెర లేచే పది నిమిషాల ముందు రావచ్చు, ఒక్కటీ రాకపోవచ్చు. ఆపి ఉంచినవి కాబట్టి మంచి సీట్లే, అందుకే పూర్తి ధరకే అమ్ముతారు. హామిల్టన్ 2015 ఆగస్టులో రిచర్డ్ రోడ్జర్స్ థియేటర్‌లో మొదలైంది. 2016లో బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డులు 11 కొట్టింది, అదే ఏడాది ప్రీమియం సీటు ధర 849 డాలర్లకు పోయింది. ఆ రోజుల్లో ఆ థియేటర్ ముందు జనం రాత్రుళ్లు పడుకున్నది ఈ లైన్ కోసమే. డబ్బు మిగులుతుందని ఎవరైనా మిమ్మల్ని ఈ లైన్లో నిలబడమంటే వినకండి.

చౌకగా దొరికేది రష్ లైన్. అదే రోజు ఆటకు కొన్ని సీట్లు, ఎక్కువగా 30 నుంచి 50 డాలర్ల మధ్య, కౌంటర్ తెరవగానే ముందొచ్చిన వాళ్లకు ఇస్తారు. చాలా థియేటర్లలో కౌంటర్ ఉదయం 10కి తెరుస్తారు, ఆదివారం మధ్యాహ్నం 12కి. తలకు రెండు టికెట్లు. మూడోది నిలబడి చూసే టికెట్. సీట్లన్నీ పోతేనే అమ్ముతారు, కింది అంతస్తులో చివరి వరస వెనక నంబరు వేసిన చోట దాదాపు మూడు గంటలు నిలబడాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు దాని జోలికి పోవద్దు. అన్ని ఆటలకూ ఈ మూడూ ఉండవు, నియమాలు కూడా మారుతుంటాయి. పోయే ముందు రాత్రి ఆ ఆట సొంత వెబ్‌సైట్‌లో రష్ గురించి రాసిన పేరా బిడ్డతో చదివించండి. యూట్యూబ్‌లో రెండేళ్ల కిందటి వీడియో చూసి లైన్ కట్టకండి.

రష్ లైన్‌కు రాత్రంతా ఉండాలా? ఈ లెక్క చూడండి. ఆ రోజు 26 టికెట్లు ఉన్నాయనుకోండి. తలకు రెండు తీసుకుంటే 13వ మనిషి దగ్గర అయిపోతాయి. లైన్లో 14వ మనిషి రాత్రి రెండుకు వచ్చినా, పొద్దున తొమ్మిదికి వచ్చినా ఒకటే. కాబట్టి ఎన్నింటికి పోవాలన్నది కాదు, ఎన్నో మనిషిగా నిలబడాలన్నది ముఖ్యం. రెండు రోజుల ముందే ఒక పొద్దున బిడ్డ కాలేజీకి పోయే ముందు ఏడింటికి థియేటర్ దగ్గర తలకాయలు లెక్కపెడితే చాలు. ఏడింటికి పది మంది ఉన్నారంటే మీరు అయిదుకు పోవాలి. ముగ్గురే ఉంటే ఏడుకు పోయినా నడుస్తుంది. కొత్తగా వచ్చి పేరు మోగుతున్న ఆటలకు, ఏదైనా ఆట ఆఖరి వారానికి, శనివారాలకు ఈ లెక్క తప్పుతుంది. అప్పుడు మాత్రమే రాత్రి లైన్ సంగతి ఆలోచించాలి. మంగళ, బుధవారాల్లో, జనవరి నెలాఖర్లో రాత్రంతా ఉండాల్సిన పని దాదాపు ఉండదు. సోమవారం చాలా ఆటలకు సెలవు.

రాత్రి ఉండక తప్పకపోతే చలి సంగతి ముందు చూసుకోవాలి. జనవరిలో న్యూయార్క్ రాత్రి సగటున మైనస్ 2 డిగ్రీల దాకా దిగుతుంది, ఆ వీధుల్లో గాలి దానికి తోడు. మన దగ్గర మేడారం పోయినప్పుడు కప్పుకునే రగ్గు అక్కడ ఆగదు, ఎందుకంటే చలి పైనుంచే కాదు, కాంక్రీటు నుంచి కూడా ఎక్కుతుంది. కింద మందపాటి అట్టముక్క గానీ ఫోమ్ షీటు గానీ వేసుకుంటే సగం చలి తగ్గుతుంది. రెండు జతల సాక్సులు వేసుకుంటే బూటు ఒక సైజు పెద్దది ఉండాలి, బూటు బిగిస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా తిమ్మిరెక్కుతాయి. చలికి ఫోన్ బ్యాటరీ గబగబా పడిపోతుంది, ఫోన్‌నూ పవర్ బ్యాంకునూ కోటు లోపలి జేబులో పెట్టుకోండి. కాలిబాట మీద టెంట్ వేయనివ్వరు. మడత కుర్చీ తీసుకుపోతే తెల్లారాక దాన్ని ఇంటికి చేర్చే మనిషిని కూడా చూసుకోవాలి, థియేటర్లోకి రానివ్వరు. పెద్ద సంచులకూ లోపల చోటుండదు.

తిండికి సకినాలు, పల్లి పట్టీలు, ఫ్లాస్కులో చాయ్ సరిపోతాయి. నీళ్లు తక్కువ తాగాలనిపిస్తుంది, కారణం మీకే తెలుసు. న్యూయార్క్‌లో పెద్ద కష్టం టాయిలెట్టే. బ్రయంట్ పార్కులో శుభ్రమైనది ఉంది గానీ రాత్రి మూసేస్తారు. హోటళ్లలో ఏదైనా కొంటేనే పోనిస్తారు. షుగర్ ఉన్నవాళ్లు, మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వేసుకునేవాళ్లు రాత్రి లైన్‌కు అసలు పోవద్దు. మీ ఇంట్లో అలాంటి వాళ్లుంటే బిడ్డను, ఆమె స్నేహితురాలిని పంపండి, ఇద్దరికీ కలిపి నాలుగు టికెట్లు వస్తాయి. రాకపోకలకు జెర్సీ సిటీ వాళ్లకు ఇబ్బంది లేదు. అక్కడి నుంచి న్యూయార్క్‌కు పోయే పాత్ (PATH) రైలు రాత్రంతా నడుస్తుంది, 33వ వీధిలో దిగితే హామిల్టన్ ఆడే 46వ వీధికి ఇరవై నిమిషాల నడక. న్యూజెర్సీలోనే ఇంకా దూరంగా ఎడిసన్ దిక్కు ఉండేవాళ్లు మాత్రం అర్ధరాత్రి దాటాక రైలు ఉందో లేదో చూసుకుని బయల్దేరాలి.

మన అలవాటు ఒకటి ఇక్కడే వదిలిపెట్టి పోవాలి. 2025 వానాకాలంలో యూరియా కోసం వరంగల్, మహబూబాబాద్ దిక్కు సొసైటీల ముందు రైతులు చెప్పులు, పాస్ పుస్తకాలు వరసలో పెట్టి చెట్టు కిందికి పోయారు. ఊళ్లో అందరూ అందరికీ తెలుసు కాబట్టి ఆ చెప్పుల వరసకు విలువ ఉంది. బ్రాడ్‌వే లైన్లో సంచి పెట్టి పోతే అది దిక్కులేని సంచే అవుతుంది, పోలీసులను పిలిచినా పిలుస్తారు. మనిషే ఉండాలి. టాయిలెట్‌కు పోయి రావచ్చు, ముందున్న వాళ్లకూ వెనకున్న వాళ్లకూ చెప్పి పోవాలి. అందుకే లైన్లో చేరగానే ఆ ఇద్దరితో మాట కలపండి, పేరు చెప్పండి. ఆ రాత్రి మీ చోటుకు సాక్షులు వాళ్లిద్దరే. డబ్బు తీసుకుని ఇంకొకరి కోసం లైన్లో కూర్చునే వాళ్లు కూడా అక్కడ ఉంటారు, అదొక పనిగానే నడుస్తోంది. మీ ముందు అయిదుగురు కనిపిస్తే, ఒక్కొక్కరికి రెండేసి టికెట్లని గట్టిగా లెక్కేసుకోండి.

అసలు గండం ఉదయం తొమ్మిదిన్నర నుంచి పది దాటేదాకా. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న వాళ్లందరూ లేస్తారు. దుప్పట్లు మడుస్తారు, లైన్ ఒక్కసారిగా దగ్గరికి జరుగుతుంది, 60 అడుగులున్నది 25 అడుగులవుతుంది. సరిగ్గా ఆ జరుగుడులోనే, కాఫీకి పోయిన వాళ్లు తిరిగొస్తారు, వాళ్ల వెంట స్నేహితులు ఇంకో ఇద్దరు వచ్చి కలుస్తారు. మీరు కిందికి వంగి సంచి సర్దుకునే సరికి ఏడో మనిషి తొమ్మిదో మనిషి అవుతాడు. అరవాల్సిన పని లేదు. తొమ్మిదింటికే అందరూ కూర్చుని ఉండగా ఒకటి, రెండు, మూడు అని పైకి వినపడేలా లెక్కపెట్టి, ప్రతి ఒక్కరికీ వాళ్ల నంబరు చెబితే సగం గొడవ అక్కడే తీరుతుంది. సామాను తొమ్మిదింబావుకే సర్దేయండి. మిగతా సగం తలుపు దగ్గరి సెక్యూరిటీ మనిషి చూసుకుంటాడు.

తలుపు తీశాక పని నిమిషంలో అయిపోతుంది. కిటికీ దగ్గర ఏ ఆటకు, ఎన్ని అన్నది ఒక్క ముక్కలో చెప్పాలి. బుధ, శనివారాల్లో రెండు ఆటలుంటాయి, మధ్యాహ్నందా సాయంత్రందా అన్నది ముందే అనుకోండి. అవతలి మనిషి వేదిక కనపడకుండా కొంచెం అడ్డం ఉన్న సీటు అని చెబితే ఏ వైపు, ఎంత అడ్డమని అడగండి. అడిగితే ప్లాన్ చూపిస్తారు. స్టూడెంట్ రష్ అయితే కాలేజీ ఐడీ చూపాలి. కార్డు చేతిలో ఉండాలి. ఇక్కడ మన వాళ్లు దెబ్బతింటారు: మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు చాలావరకు ఆపేసే ఉంటాయి, బ్యాంకు యాప్‌లో మనమే తెరవాలి. కొన్ని రూపే కార్డులు దేశం లోపలికే. వరంగల్‌లో ఉండగానే ఈ పని చేసుకోండి. అక్కడికి పోయాక ఓటీపీ ఇక్కడి సిమ్‌కు వస్తే, ఆ సిమ్‌కు రోమింగ్ లేకపోతే, రాత్రంతా చలిలో ఉన్నది వృథా.

ఇక హామిల్టన్ సంగతి. దానికి చౌకదారి అంటే లాటరీ, 10 డాలర్ల టికెట్. మొదట్లో థియేటర్ ముందు జనం గుమిగూడి పేర్లు వేసేవారు, 2016లో అది ఆన్‌లైన్‌కు మారింది. ఇలాంటి లాటరీ వేరే ఆటలకూ ఉంది. మీరు హన్మకొండలో కూర్చుని వేయాలనుకుంటే గడియారం చూసుకోండి. న్యూయార్క్‌లో మధ్యాహ్నం 3 అంటే మనకు వేసవిలో రాత్రి 12:30, చలికాలంలో 1:30. వాళ్లు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారం మారుస్తారు. గెలిచిన వాళ్లకు డబ్బు కట్టడానికి చాలా లాటరీల్లో ఇచ్చేది గంట సమయం, మీరు నిద్రలో ఉంటే పోయినట్టే. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి, టికెట్ తీసుకునేటప్పుడు ఫోటో ఐడీ చూస్తారు.

ఇంకో మాట, ఎవరూ చెప్పనిది. ఇండియా నుంచి పోయిన మొదటి వారం రాత్రి రెండు మూడింటికే మెలకువ వస్తుంది. తెల్లవారుజామున లైన్‌కు పోవడానికి అంత మంచి వారం ఇంకోటి ఉండదు. కానీ సాయంత్రం 7 గంటల ఆటకు కూర్చుంటే మీ ఒంటికి అది తెల్లవారుజాము నాలుగున్నర, చలికాలమైతే అయిదున్నర, మొదటి పాటకే కునుకు పడుతుంది. మొదటి వారంలో మధ్యాహ్నం 2 గంటల ఆటే తీసుకోండి. హామిల్టన్ మొత్తం వేగంగా పాటల్లోనే నడిచే అమెరికా చరిత్ర, కథ ముందే చదువుకోకపోతే అందదు. ఇంగ్లీషు వేగంగా పట్టుకోలేని వాళ్లకు 1997 నుంచి ఆడుతున్న లయన్ కింగ్ మేలు, కళ్లతోనే సగం అర్థమవుతుంది.

ఈ రష్ పద్ధతికి పేరు తెచ్చింది 1996లో వచ్చిన రెంట్ అనే మ్యూజికల్. థియేటర్లో ముందు రెండు వరసలను, అంటే అందరికంటే ఖరీదు కావాల్సిన సీట్లను, అదే రోజు వచ్చిన వాళ్లకు 20 డాలర్లకు ఇచ్చారు. పిల్లలు కాలిబాట మీదే రాత్రుళ్లు గడపడం మొదలుపెట్టాక దాన్ని లాటరీగా మార్చారు. ముందు వరస చౌకగా ఇవ్వడంలో తెలివి ఉంది. ఆటను ప్రాణంగా చూసే వాళ్లు నటుల కళ్లెదుట కూర్చుంటారు, ఆ ఊపు వెనక వరసల దాకా పాకుతుంది.

మన దగ్గర దీనికి పూర్తిగా తిరగబడిన పద్ధతి. ముందు వరసలో సోఫాలు, వాటి మీద పాసులు, ఆ పాసుల వాళ్లు ఆలస్యంగా వచ్చి మధ్యలో లేచిపోతారు, లేదా అసలు రారు. నటుడు పద్యం ఎత్తుకుంటే ఎదురుగా ఖాళీ సోఫాలు. 1885లో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు తరతరాలుగా తెరల మీద, తీగల మీద చేసే మాయలు చూడాలని ఆర్ట్స్ కాలేజీ పిల్లలకు లేదా? ఉంది. ముందు సీటు వాళ్లకు ఎవరూ అమ్మరు, అంతే. 2024 నవంబరులో హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకుంది, వెయ్యి మందికి పైగా కూర్చునే హాలు. అక్కడ పద్యనాటకం ఆడిన రోజున ముందు రెండు వరసలు 50 రూపాయలకు పెట్టాలి. పొద్దున ఆరింటికి గేటు దగ్గర నంబరు చీటీలు, పదింటికి కౌంటర్, తలకు రెండు, కాలేజీ ఐడీ ఉన్నవాళ్లకు మొదటి వరస. ఫోన్లో అమ్మొద్దు, పాసులు ఇవ్వొద్దు. తెర లేచే అయిదు నిమిషాల ముందు ఖాళీగా ఉన్న ప్రతి సోఫానూ వెనక నిలబడ్డ వాళ్లకు వదిలేయాలి.