బాణాలు అంత ఫాస్ట్‌గా వేసేవాళ్ళు కదా, మరి తొలి తుపాకులు రాగానే సైన్యాలు విల్లుని ఎందుకు వదిలేశాయి?

మీ డౌట్ కరెక్టే అండి. మంచి విలుకాడు నిమిషానికి పది బాణాలు వేసేవాడు. 1500ల నాటి మ్యాచ్‌లాక్, అదే వత్తి అంటించి పేల్చే తుపాకీ, నిమిషానికి ఒక్కసారి పేలితే గొప్ప. వానొస్తే వత్తి ఆరిపోతుంది, వంద గజాలు దాటితే గుండు ఎటు పోతుందో పేల్చినోడికే తెలీదు. అయినా విల్లే ఓడింది. ఎవర్ని అడిగినా "తుపాకీ నేర్చుకోవడం ఈజీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అది సగమే నిజం అని నాకు భుజం పాడయ్యాక గానీ ఎక్కలేదు.

నేను ముప్పై దాటాక విజయవాడలో ఆర్చరీకి వెళ్ళా. జ్యోతి సురేఖ, ధీరజ్ మెడల్స్ కొట్టాక అక్కడ ఆర్చరీ అంటే పిల్లల్ని తోసుకుంటూ తీసుకొస్తారు, లైన్‌లో నా పక్కన ఐదో క్లాస్ పిల్లలు, మధ్యలో పొట్టేసుకుని నేను. మొదటి రెండు వారాలు విల్లే ముట్టుకోనివ్వలేదు, రబ్బర్ బ్యాండ్ లాగడమే. తర్వాత వెదురు బో ఇచ్చారు, ఆర్మ్ గార్డ్ మర్చిపోయిన రోజు నారి వచ్చి ఎడమ ముంజేతికి తగిలింది చూడండి, వంకాయ రంగుకి తిరిగి పది రోజులు అలాగే ఉంది. బాణాలన్నీ బట్రెస్‌కి, అదే టార్గెట్ తగిలించే దిమ్మకి, తగలడానికే నాకు మూడు నెలలు పట్టింది, అదీ ముప్పై మీటర్ల నుంచి.

అదే డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంప్‌లో పాయింట్ టూటూ రైఫిల్ ఇచ్చినప్పుడు పొద్దున హవల్దార్ గారు ఓ గంట క్లాస్ పీకారు, మధ్యాహ్నం బోర్లా పడుకోబెట్టి ఐదు రౌండ్లు కొట్టించారు, నాలుగు టార్గెట్‌లో పడ్డాయి. అది ఈ కాలం రైఫిల్, పాత మ్యాచ్‌లాక్‌తో పోల్చకూడదు, ఒప్పుకుంటా. మ్యాచ్‌లాక్ లోడింగ్ పెద్ద తతంగం, 1607లో డచ్ వాళ్ళు బొమ్మలేసి అచ్చేసిన డ్రిల్‌లో ఒక్క మస్కెట్‌కే, అదే బరువైన పెద్ద మ్యాచ్‌లాక్‌కే, నలభైకి పైగా స్టెప్పులున్నాయి. కానీ అవన్నీ చేత్తో గుర్తుపెట్టుకునే స్టెప్పులు, కండతో పెద్దగా పనిలేదు.

ఇంతవరకు అందరూ చెప్పేదే. నేర్చుకున్నాక కూడా కథ అయిపోదు, నేను చెప్పాలనుకున్నది అది. మూడో ఏడాది నాకు పౌండేజ్ పిచ్చి పట్టింది, అంటే విల్లు లాగడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో ఆ లెక్క, కోచ్ వద్దన్నా వినకుండా 38 నుంచి 44కి ఎక్కించా. వారం తిరక్కుండా కుడి భుజం పట్టేసింది, ఆర్నెల్లు ఫిజియో. ఇక మామూలు రోజుల్లో చూసినా, రాత్రి సరిగ్గా నిద్రలేకపోతే, లేదా రెండ్రోజులు జ్వరమొచ్చి లేస్తే, అదే విల్లు చివరి రెండంగుళాలు రాదు. బాణం వెళ్తుంది గానీ ఏదో మొక్కుబడిగా వెళ్తుంది.

ఇప్పుడు ఆ కాలపు విల్లు సంగతి చూడండి. 1545లో ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్ పోర్ట్స్‌మత్ దగ్గర మునిగిపోయింది, 1982లో పైకి తీశారు, అందులో నూటపాతిక దాటి లాంగ్‌బోలు, అంటే మనిషెత్తు విల్లులు, దొరికాయి. వాటి పౌండేజ్ 100 నుంచి 185 దాకా ఉండేదని అంచనా. నేను 44కే పడిపోయా! అందులో దొరికిన కొన్ని అస్థిపంజరాల్లో భుజం ఎముక అతుక్కోకుండా అలాగే ఉండిపోయిందట, చిన్నప్పట్నుంచి బరువైన విల్లులు లాగీ లాగీ అనుకుంటున్నారు. అందుకే 1363లో మూడో ఎడ్వర్డ్ పండగపూట జనం బంతాటలు మానేసి విల్లు ప్రాక్టీస్ చెయ్యాలని ఆర్డర్ వేశాడు. అంటే విలుకాణ్ణి తయారుచెయ్యాలంటే రాజు పదేళ్ళ ముందే ఊళ్ళో పిల్లల మీద పని మొదలెట్టాలి.

సరే, అలా తయారైనోణ్ణి యుద్ధానికి పంపాక? నెలల తరబడి నడక, బురద, పాచి రొట్టె, రక్త విరేచనాలు. 1590లో ఇంగ్లండ్‌లో ఇదే గొడవ జరిగింది. సర్ జాన్ స్మిత్ అనే పాత సిపాయి విల్లే గొప్ప అంటాడు, సర్ రోజర్ విలియమ్స్ అనే ఇంకో సిపాయి కాదు, మూణ్ణెల్లు ఫీల్డ్‌లో ఉంటే 5000 మంది విలుకాళ్ళలో 500 మంది కూడా గట్టిగా వెయ్యలేరు, 500 మస్కెట్లుంటే 1500 విల్లులకంటే నయం అంటాడు. అది చదివినప్పుడు నా జ్వరం రోజులే గుర్తొచ్చాయి. విల్లులో బలం మనిషి ఒంట్లోంచి రావాలి, వాడు తిన్న అన్నంలోంచి. తుపాకీలో బలం పేలే మందులోంచి వస్తుంది, పట్టుకున్నోడికి రాత్రంతా విరేచనాలైనా గుండు వేగం తగ్గదు. 1595లో ట్రెయిన్డ్ బ్యాండ్స్ అనే వాళ్ళ లోకల్ సైన్యంలో ఇక విల్లులు వద్దని తేల్చేశారు. (ఫ్రాన్స్‌లో అజిన్‌కోర్ యుద్ధంలో 1415లో ఇంగ్లండ్ విలుకాళ్ళు విరేచనాలతోనే గెలిచారు కదా అంటారేమో, నిజమే, వాళ్ళకి దండం పెట్టాలి.)

దెబ్బ సంగతి కూడా ఉంది. యుద్ధపు బాణం సెకనుకి 50, 60 మీటర్లు వెళ్తుంది, మస్కెట్ గుండు 400 దాటుతుంది. బాణం కంటే గుండు తేలికే అయినా ఎనర్జీ పది రెట్ల పైనే. ఉక్కు కవచం వేసుకున్నోడి మీద మంచి బాణం కూడా చాలాసార్లు జారిపోతుంది, మస్కెట్‌కి దగ్గర్లో దొరికితే అంతే సంగతులు. పైగా సీసం కరిగించి అచ్చులో పోస్తే గుండ్లు రెడీ, బాణానికి కర్ర సాపు చెయ్యాలి, ఈకలు అతికించాలి, ములుకు కొట్టాలి.

అలాగని ఒక్క రోజులో పోలేదు. 1526 పానిపట్‌లో బాబర్ బళ్ళ వెనక తుపాకులు పెట్టి, పక్కల్నుంచి గుర్రాల మీద విలుకాళ్ళనే పంపాడు, గుర్రం మీద వత్తి సర్దుకుంటూ మ్యాచ్‌లాక్ నింపడం ఎవడి వల్ల అవుతుంది మరి. మన దేశంలో గుర్రపు విలుకాళ్ళు ఆ తర్వాత కూడా చాలాకాలం ఉన్నారు. జపాన్‌లో 1543లో తానెగషిమా దీవికి పోర్చుగీసు తుపాకులొస్తే కమ్మర్లు వెంటనే కాపీ కొట్టేశారు, చిన్నప్పట్నుంచి విల్లు నేర్చిన సమురాయ్ పక్కన అషిగారు అనే మామూలు కాలిబంటు తుపాకీతో నిలబడ్డాడు.

నా సంగతంటారా, ఇప్పుడు 30 పౌండ్లకి దిగా, ఆదివారాలు మాత్రమే వెళ్తున్నా. పక్క లైన్లో పన్నెండేళ్ళ అమ్మాయి నాకంటే బరువైన బో లాగుతోంది, నా బాణాలు కూడా ఆ పిల్లే ఏరి తెచ్చిస్తుంది పాపం.