జులైలో ఫెయిర్‌బ్యాంక్స్ వెళ్లేవాళ్లకి: ఉరుములు, కార్చిచ్చు, పొగ, మీ టికెట్ల సంగతి

మీరు అడిగింది ఇదీ: జులైలో డాలస్ నుంచి అమ్మానాన్నలతో అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ ఊరికి, డెనాలీ పార్కుకి వెళ్తున్నారు, నాన్నగారికి ఆయాసం ఉంది. అక్కడ రెడ్ ఫ్లాగ్ వార్నింగ్, అంటే కార్చిచ్చు ప్రమాద హెచ్చరిక, ఇచ్చారని ఫోన్‌లో చూసి కంగారుపడ్డారు. మంచు ప్రాంతంలో పిడుగులేంటి, అడవి తగలబడటమేంటి, ట్రిప్పు మానుకోవాలా అని.

మానుకోకండి. కంగారు మాత్రం పడాల్సిన చోట పడండి. అదెక్కడో తెలియడానికి నాకు రెండు వేసవులు పట్టింది.

నేను ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఆరేళ్లున్నాను. పుట్టి పెరిగింది విజయనగరం దగ్గర పల్లెలో. వైశాఖంలో సాయంత్రం నాలుగయ్యేసరికి పడమట కారుమబ్బు కమ్మడం, ఈదురుగాలికి మామిడికాయలు టపటపా రాలడం, పిడుగుపడి తాటిచెట్టు తల మాడిపోవడం అన్నీ చూసినదాన్ని. అందుకే ఫెయిర్‌బ్యాంక్స్‌లో మొదటిసారి ఉరుము విన్నప్పుడు నవ్వొచ్చింది. నాలుగు గుడగుడలు, పది నిమిషాల జల్లు, అయిపోయింది. పక్కింటి పెద్దాయన మాత్రం వరండాలో నిలబడి కొండల వైపే చూస్తున్నాడు. ఏంటని అడిగితే, "ఇవాళ ఏమీ కనపడదు, ఆదివారం చూద్దాం" అన్నాడు. ఆ రోజు బుధవారం. ఆదివారం మధ్యాహ్నం ఎండ కాసి, గాలి మొదలైంది. గుట్ట వెనకాల నుంచి తెల్లటి పొగ, ఇటుకబట్టీ మీద లేచినట్టు, నిలువుగా లేచింది.

వాన పడ్డ రోజు కాదు, అది వెలిసిన నాలుగో రోజు, ఐదో రోజు మీద కన్నేసి ఉంచాలని అప్పుడు అర్థమైంది.

ఎందుకలా అంటే, అక్కడి నేల మన నేల కాదు. చెట్ల కింద మట్టి కనపడదు. జానెడో మూరెడో మందాన నాచు, దాని కింద ఏళ్ల తరబడి సగం కుళ్లిన ఆకూ అలమూ, ఆ కింద చాలాచోట్ల ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే మంచునేల. కాలేస్తే పరుపు మీద నడిచినట్టే ఉంటుంది. పై నాచు రెండు మూడు గంటల ఎండకే పెళుసెక్కిపోతుంది. పిడుగు పడితే చాలాసార్లు మంట వెంటనే పైకి రాదు. వాన పైపైన తడిపి పోతుంది, లోపల ఊకలో నిప్పులాగా రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. పొడిగాలి తగిలిన రోజున బయటికొస్తుంది. వచ్చాక అందుకోవడానికి బ్లాక్ స్ప్రూస్ చెట్లు సిద్ధంగా ఉంటాయి. సన్నగా, గిడసబారి, కొమ్మలు నేల దాకా వేలాడుతూ, ఒంటినిండా జిగురుతో ఉంటాయి. నిచ్చెన వేసినట్టు మంట కింద నుంచి పైదాకా ఎక్కేస్తుంది.

ఇంతకీ అది మంచు ప్రాంతం అనేది సగమే నిజం. ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఏడాదికి పడే వానా మంచూ కలిపినా దాదాపు 300 మిల్లీమీటర్లు. మనం కరువు సీమ అనుకునే అనంతపురంలో పడేదాంట్లో సగం పైచిలుకు, అంతే. జూన్ మూడో వారంలో సూర్యుడు దాదాపు 22 గంటలు ఉంటాడు. 80 డిగ్రీల ఫారెన్‌హీట్ (దాదాపు 27 సెల్సియస్) మామూలు, ఒక్కోసారి 90 కూడా. ఆర్కిటిక్ వలయానికి కాస్త పైనున్న ఫోర్ట్ యూకాన్‌లో 1915 జూన్‌లో 100 డిగ్రీలు (దాదాపు 38 సెల్సియస్) నమోదైంది, అలాస్కా మొత్తానికి ఇప్పటికీ అదే రికార్డు. అంత ఎండ కొండల మీద పడితే మబ్బు లేవదా మరి! ఇంకో తమాషా, అక్కడి గడియారం సూర్యుణ్ణి పట్టించుకోదు. నడినెత్తికి సూర్యుడొచ్చేది రెండు గంటలకి. అందుకే ఉరుములు సాయంత్రం ఐదు, ఆరు, ఒక్కోసారి రాత్రి పది దాటాక కూడా వస్తాయి. రాత్రి అంటున్నానే గానీ చీకటి ఉండదు, కాబట్టి మెరుపు సరిగ్గా కనపడదు. మా అమ్మ వచ్చినప్పుడు "మెరుపు లేకుండా ఈ ఉరుమేంటే, లారీ ఏమైనా వచ్చిందా" అని తలుపు తీసి చూసింది.

అమ్మ వచ్చింది 2022లో. ఇరవై రెండు గంటల ఎండ అని విన్నాక ఆవిడ ఊరుకుంటుందా? సగ్గుబియ్యం వడియాలు పెట్టింది, వరండా రెయిలింగు పక్కన ప్లాస్టిక్ షీటు మీద. రెండో రోజు పొద్దున చూస్తే వాటి మీద బూడిద. ఆకాశం తుప్పురంగు, సూర్యుడు కుంకుడుకాయంత ఎర్రటి బిళ్ల. ఎక్కడో దూరంగా కాలుతున్నవాటి పొగ అది. ఆ జూన్ 21న పిడుగువల్ల అంటుకున్న క్లియర్ ఫైర్ అనే కార్చిచ్చు అయితే యాండర్సన్ అనే ఊరి దగ్గర జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించింది. ఆ ఏడాది అలాస్కాలో 31 లక్షల ఎకరాలు కాలింది. 2004లో 66 లక్షలు, పాత అనంతపురం జిల్లా మొత్తం కన్నా ఎక్కువ. లెక్కకి మంటల్లో దాదాపు సగం మనుషులు పెట్టినవే, కానీ కాలిన విస్తీర్ణంలో నూటికి తొంభై పిడుగులదే, ఎందుకంటే అవి దారీ తెన్నూ లేని చోట పడతాయి. అలాంటి చోట్ల చాలా మంటల్ని ఆర్పరు కూడా, పైనుంచి కనిపెట్టి ఉంటారంతే. ఈ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. తర్వాత పటం చూస్తే తెలిసింది, ఆర్పడానికి వెళ్లాలంటే రోడ్డంటూ ఉండాలిగా.

అందువల్ల మీకు నిజంగా ఎదురయ్యేది మంట కాదు, పొగ. ఫెయిర్‌బ్యాంక్స్ మూడు వైపులా కొండలున్న గిన్నెలాంటి ఊరు. పొద్దున పొగ అడుగున కూర్చుంటుంది, మధ్యాహ్నానికి కాస్త లేస్తుంది. అక్కడ చాలా ఇళ్లకి, కొన్ని లాడ్జీలకి ఏసీ ఉండదు, కిటికీలే దిక్కు. నాన్నగారికి ఆయాసం ఉందన్నారు కదా, ముందు ఇది చూడండి: గది బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందా, గాలి ఫిల్టర్ ఉందా అని ఫోన్ చేసి అడగండి, వెబ్‌సైట్‌లో రాసింది నమ్మొద్దు. నేను ఒకచోట అలా నమ్మి, రాత్రంతా అమ్మకి తడిగుడ్డ పట్టుకుని కూర్చున్నాను. తడిగుడ్డ పొగని ఆపదు, ఎన్95 మాస్కులు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. పొగ వచ్చాక అక్కడి షాపుల్లో దొరక్కపోవచ్చు. కారులో గాలి బయటి నుంచి రాకుండా లోపలే తిరిగే బటన్ నొక్కి ఉంచండి.

రెడ్ ఫ్లాగ్ అంటే మంట వచ్చిందని కాదు. నేల ఎండి, గాలో పిడుగులో ఉన్న రోజు, నిప్పు పడితే ఆగదని చెప్పడం. ఆ రోజు క్యాంప్‌ఫైర్, బార్బెక్యూ పెట్టుకోకండి. ఖాళీ చేయించేటప్పుడు "రెడీ, సెట్, గో" అని మూడు మెట్లుంటాయి. "సెట్" అన్నప్పుడే బయల్దేరిపోండి, ఊళ్లోకి పోయే రోడ్లు ఒకటీ అరా. 2024 జూన్ చివర డెనాలీ పార్కు ముఖద్వారం దగ్గరే మంట లేచి పార్కును కొన్నాళ్లు మూసేశారు. కాబట్టి డెనాలీ బుకింగులు డబ్బు వాపసు వచ్చేవే చేయండి.

పొగ మరీ ఎక్కువైతే దక్షిణాన సముద్రం ఒడ్డునున్న సీవర్డ్ ఊరి వైపు దిగిపోవచ్చు, సముద్రపు గాలి కాబట్టి సాధారణంగా నయం. హామీ మాత్రం ఇవ్వలేను. 2019 జూన్ మొదట్లో, సీవర్డ్ ఉన్న కీనాయ్ ద్వీపకల్పంలోనే పిడుగుపడి అంటుకున్న స్వాన్ లేక్ ఫైర్ చల్లబడిందనుకున్నాక, ఆగస్టు మధ్యలో పెనుగాలికి మళ్లీ లేచి స్టెర్లింగ్ హైవేని మూయించింది. అంటుకున్న రెండు నెలలు దాటాక కూడా మళ్లీ లేచింది చూడండి.

తేదీలు మార్చుకోగలిగితే ఆగస్టు మొదటి వారం తర్వాత చూడండి, మామూలుగా అప్పటికి వానలు పట్టుకుంటాయి, దోమలు కూడా తగ్గుతాయి. జులైలోనే వెళ్తే దోమల మందు రెండు సీసాలు. వడియాలు ఏమయ్యాయని అడగబోతున్నారేమో, అమ్మ వాటిని పారేయలేదు. నీళ్లలో కడిగి మళ్లీ ఇంట్లో ఫ్యాన్ కింద ఆరబెట్టింది. నేను తినలేదు.