బుల్లెట్ వెనక సీట్లో లాంగ్ టూర్లు.. కూర్చుని లేస్తే నడుము కింద నొప్పి. హంపి వెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 48 ఏళ్లు. పిల్లలిద్దరూ చదువులకు బయటికి వెళ్లిపోయాక మా వారు బుల్లెట్ కొన్నారు, క్లాసిక్ 350. సెలవు దొరికితే ఇద్దరం ఎటో ఒకవైపు బయల్దేరతాం. ఈమధ్య శ్రీశైలం వెళ్లొచ్చాం. అప్పటి నుంచి కుర్చీలోంచి లేచేటప్పుడు పిరుదుల మధ్య, వెన్నెముక చివర పొడిచినట్టు నొప్పి. మూడు వారాలైనా పూర్తిగా పోలేదు. బండి మీద గంట దాటితే కుడి పాదం తిమ్మిరెక్కుతుంది, మెడ పట్టేస్తుంది. వచ్చే నెల హంపి వెళ్దామంటున్నారు. ఆయనకు మాత్రం ఏ నొప్పీ ఉండదు. 'నాలుగు ట్రిప్పులు తిరిగితే అదే అలవాటవుతుంది' అంటారు. నడుముకు బెల్టు పెట్టుకుంటే సరిపోతుందా? జెల్ సీటు వేయించాలా? బయల్దేరే ముందు పెయిన్ కిల్లర్ వేసుకోవచ్చా? నెలసరి ఆగి ఏడాదిన్నర అయింది. షుగర్, బీపీ లేవు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీకు నొప్పి రావడం, మీ వారికి రాకపోవడం అలవాటుకు సంబంధించిన విషయం కాదు. ఒకే బండి మీద వెళ్తున్నా ఇద్దరూ ఒకేలాంటి ప్రయాణం చేయడం లేదు.

నడిపేవారు రెండు చక్రాలకూ మధ్యన కూర్చుంటారు. మీరు దాదాపు వెనక చక్రం మీదే కూర్చుంటారు. చక్రం గుంతలో పడితే ఆ దెబ్బ ముందుగా, ఎక్కువగా తగిలేది మీకే. ఆయన చేతులు హ్యాండిల్ మీద ఉంటాయి, కాళ్లు గట్టిగా ఆని ఉంటాయి. శరీరం బరువు మూడు చోట్ల పంచుకుంటుంది. మీ బరువంతా సీటు మీదే. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. గుంత ఆయనకు కనిపిస్తుంది, మీకు కనిపించదు. కనిపించినప్పుడు నడుము కండరాలు తమంతట తామే బిగుసుకుని వెన్నెముకను కాపాడతాయి. మీకు ఎదురుగా కనిపించేది ఆయన హెల్మెట్ వెనక భాగం. కండరాలు వదులుగా ఉన్నప్పుడు దెబ్బ తగులుతుంది, అది నేరుగా ఎముకకు చేరుతుంది. అందుకే మీ సమస్యకు నేను రాసే మందులో సగం ఆయనకే రాయాలి.

మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి ఇది వెన్నెముక చిట్టచివర ఉండే కాక్సిక్స్ ఎముక దగ్గరి నొప్పి అనిపిస్తోంది. కూర్చున్నప్పుడు కన్నా లేచే క్షణంలో పొడిచినట్టు ఉండటం దీని గుర్తు. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో చాలా ఎక్కువ. మామూలుగా నిటారుగా కూర్చుంటే బరువు పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద పడుతుంది. వెనక్కి వాలితే ఆ బరువు జారి కాక్సిక్స్ మీదికి వస్తుంది. మీరు బండి మీద ఎలా పట్టుకుంటారో రాయలేదు. చాలామంది వెనక ఉన్న గ్రాబ్ రైల్‌ను రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వాలి కూర్చుంటారు. మన దగ్గర నలుగురిలో భర్త నడుము పట్టుకోవడానికి మొహమాటపడే వాళ్లు ఇంకా ఉన్నారు. మొహమాటం సంగతి ఎలా ఉన్నా, ఆ భంగిమ ఈ ఎముకకు మంచిది కాదు. ఒక చెయ్యి ఆయన నడుము మీద, రెండోది గ్రాబ్ రైల్ మీద ఉంచి, పై శరీరాన్ని కాస్త ముందుకు వంచి కూర్చోండి. బ్రేక్ వేసినప్పుడు ఆయన మీద పడిపోరు, బండి ముందుకు దూకినప్పుడు వెనక్కి పోరు. రెండు హెల్మెట్లూ ఢీకొనడం కూడా తగ్గుతుంది. మీ మెడనొప్పిలో దానికీ కొంత వాటా ఉండొచ్చు.

చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే అలవాటు ఉంటే టూర్లలో మానేయండి. నడుము గంటల తరబడి మెలి తిరిగే ఉంటుంది, ఒక పిరుదు మీదే బరువు పడుతుంది. చున్నీ, పైట చక్రంలో చిక్కుకుని జరిగే ప్రమాదాల సంగతి సరేసరి. బండికి శారీ గార్డ్ ఉండాలని చట్టం చెబుతున్నది అందుకే. స్టైల్ కోసం దాన్ని తీసేయిస్తున్నారు, ఇదొక పిచ్చి.

ఇక సీటు. జెల్ సీటు వేయించడం తప్పు కాదు, కానీ అదొక్కటే అన్నీ తీర్చదు. మెత్తగా ఉంటే సుఖం అనుకుంటాం. బాగా మెత్తని స్పాంజ్ అరగంటలో అణిగిపోతుంది, ఆ తర్వాత మీరు కింద ఉన్న గట్టి ప్లేటు మీద కూర్చున్నట్టే. మీకు కావాల్సింది కాస్త వెడల్పుగా, గట్టిగా ఉండి, వెనక అంచున మధ్యలో ఎముక ఆనకుండా ఖాళీ వదిలిన సీటు. సీట్లు కుట్టేవాళ్లకు చెబితే చేసిపెడతారు. గాలి నింపే కుషన్ కొంటే దాన్ని బిగుతుగా ఊదకండి. మీరు కూర్చున్నాక కింద సీటు తగలకుండా, తేలీ తేలనట్టు ఉంటే చాలు. ఎక్కువ గాలి కొడితే మలుపుల్లో ఊగిపోతారు. ఇంట్లోని దిండు మాత్రం పెట్టుకోకండి, జారితే మీరూ జారతారు.

సీటు మార్చకముందే చేయించాల్సిన పని ఒకటుంది. మీ బండికి వెనక రెండు షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. వాటి స్ప్రింగ్ బిగువును మెట్లు మెట్లుగా మార్చుకోవచ్చు. ఒక్కరే తిరిగేటప్పటి సెట్టింగ్‌లోనే ఇద్దరు, పైగా రెండు బ్యాగులతో వెళ్తే స్ప్రింగ్ ముందే సగం నొక్కుకుపోయి ఉంటుంది. పెద్ద గుంత వస్తే ఇక అణగడానికి చోటుండదు, ఆ దెబ్బంతా మీ నడుముకే. మెకానిక్ కొన్ని నిమిషాల్లో మార్చేస్తాడు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. వెనక టైరు గాలి కూడా ఇద్దరు ఎక్కినప్పుడు ఎంత ఉండాలో కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం పెట్టించాలి. మెత్తగా ఉంటుందని గాలి తగ్గించేవాళ్లున్నారు, అది ప్రమాదం.

నాకు నొప్పి కన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది మీరు చివర్లో రాసిన నెలసరి సంగతి. నెలసరి ఆగిన తొలి కొన్నేళ్లలో ఎముక బలం వేగంగా తగ్గుతుంది. ఆ వయసులో వెనక సీట్లో కూర్చున్న ఆడవాళ్లు స్పీడ్ బ్రేకర్ మీద ఒక్కసారి ఎగిరిపడి వెన్నుపూస విరగ్గొట్టుకుని రావడం మన ఎముకల డాక్టర్లకు తెలిసిన విషయమే. కింద పడరు, బండి పడదు, ఒంటి మీద గీత కూడా ఉండదు. వీపు, నడుము కలిసే చోట పూస ముందువైపు నొక్కుకుపోతుంది. 'పట్టేసింది' అనుకుని వారం రోజులు ఆయింట్‌మెంట్ రాసుకుంటారు. రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అలా ఉన్నదాన్ని కూడా గంటకు 25 కిలోమీటర్ల వేగంతోనే దాటాలి. మన ఊళ్ల మొదట్లో రాత్రికి రాత్రి వేసే గట్లకు ఆ కొలతలేవీ వర్తించవు, వాటి మీద రంగు కూడా ఉండదు.

కాబట్టి మీ ఇద్దరి మధ్య ఒక సంజ్ఞ ఉండాలి. గుంతో, స్పీడ్ బ్రేకరో కనిపించగానే ముందే వేగం తగ్గించి ఆయన మీ మోకాలి మీద తట్టాలి. హెల్మెట్లకు బ్లూటూత్ ఇంటర్‌కమ్ ఉంటే మాట చాలు. తట్టగానే మీరు పాదాలను ఫుట్‌రెస్టుల మీద గట్టిగా అదిమి, సీటు మీది బరువును కాళ్ల మీదికి తీసుకోండి. లేచి నిలబడక్కర్లేదు. సీటుకూ మీకూ మధ్య కాగితం దూరేంత సందు వస్తే చాలు. అప్పుడు దెబ్బను మోకాళ్లు, తొడలు తీసుకుంటాయి. దీనికి తొడల్లో బలం కావాలి. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి మెల్లగా లేచి కూర్చోవడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం రోజూ చేయండి. ప్రస్తుతం కుర్చీలోంచి లేస్తేనే నొప్పి కదా, అందుకే రెండోదానితో మొదలుపెట్టండి. నొప్పి తగ్గాక మొదటిది.

ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ ఈ వయసులో అందరికీ అవసరం లేదు. మీరు బాగా సన్నగా ఉన్నా, చాలాకాలం స్టిరాయిడ్ మందులు వాడినా, చిన్న దెబ్బకే ఎముక విరిగిన చరిత్ర ఉన్నా, అమ్మకో నాన్నకో తుంటి ఎముక విరిగి ఉన్నా చేయించండి.

పాదం తిమ్మిరికి రెండు కారణాలు చూడాలి. వెనక ఫుట్‌రెస్టులు ఎత్తుగా ఉండి మోకాలు ఎక్కువగా మడుచుకుంటే, పక్కన కట్టిన బ్యాగు కాలిని నొక్కుతుంటే, మోకాలి బయటి వైపు చర్మం కిందే పోయే నరం ఒత్తుకుంటుంది. కుడివైపు బ్యాగును ఒకసారి తీసేసి తిరిగి చూడండి. దిగి నడిచిన పది నిమిషాల్లో తిమ్మిరి పోతే పెద్దగా భయం లేదు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా వస్తున్నా, రాత్రిళ్లు రెండు పాదాలూ మంటలెత్తుతున్నా బండిని తప్పుపట్టి లాభం లేదు. షుగర్, బి12 పరీక్షలు చేయించాలి. లేదన్న షుగర్ ఎప్పుడు చూసుకున్నారో గుర్తు తెచ్చుకోండి.

బెల్టు గురించి. కుదుపు కింద నుంచి పైకి వస్తుంది. నడుము చుట్టూ కట్టిన బెల్టు దాన్ని ఆపలేదు. కట్టుకుంటే హాయిగా ఉందంటే కట్టుకోండి, కానీ ఎముకకు రక్షణ అని మాత్రం అనుకోవద్దు.

పెయిన్ కిల్లర్ ముందే వేసుకోవడం వద్దు. నొప్పి తెలియక మరో వంద కిలోమీటర్లు కూర్చుంటారు. పైగా దారిలో బాత్రూమ్ దొరకదని ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. నీళ్లు లేని ఒంట్లో డైక్లోఫెనాక్ లాంటి మాత్ర కిడ్నీలకు చేటు. కండరాలు వదులు చేసే మాత్రలు, వాంతులు రాకుండా వేసుకునేవి, కొన్ని జలుబు మాత్రలు నిద్ర తెస్తాయి. వెనక సీట్లో కునుకు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. భోజనం చేసిన గంటలో నిద్ర ముంచుకొస్తే మొహమాటపడకుండా ఆయన భుజం తట్టి బండి ఆపించండి.

నీళ్లు మాత్రం మానొద్దు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్‌తో టూర్ నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లు ఎందరో. దారిలో ఎక్కడ ఆగాలో బయల్దేరే ముందే చూసి పెట్టుకోండి, పెట్రోలు గురించి అందరూ చేసేదే కదా. ముప్పావు గంటకోసారి, ఎంత బాగున్నా గంట దాటకుండా ఆగాలి. దిగి అయిదు నిమిషాలు నడవాలి, మడమలు పైకీ కిందికీ లేపాలి. ఆగాలని అడిగే బాధ్యత మీ మీద పెట్టుకోవద్దు. పది మంది గ్రూపుగా వెళ్తుంటే 'నా వల్ల అందరికీ ఆలస్యం' అని చాలామంది పళ్లబిగువున కూర్చుంటారు. గడియారం చూసి ఆయనే ఆపాలి. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. హార్మోన్ మాత్రలు వాడుతున్నవారు, ఇంతకుముందు అలా గడ్డలు వచ్చినవారు ముందే డాక్టర్‌ను అడగాలి.

మెడకు: ఐఎస్ఐ గుర్తున్న, తలకు సరిగ్గా పట్టే ఫుల్ ఫేస్ హెల్మెట్. వదులుగా ఉంటే గాలికి ఊగుతూ మెడను లాగుతూ ఉంటుంది. భుజాలకు బరువైన బ్యాగు తగిలించుకోవద్దు, దాన్ని బండికే కట్టండి.

మరి హంపి? మూడు వారాలుగా ఉన్న నొప్పితో వచ్చే నెల టూర్ అంటే ముందే ఒక పరీక్ష పెట్టుకుందాం. ఈ రెండు వారాలూ కుర్చీలో కూర్చునేటప్పుడు వెనక మధ్యలో ఖాళీ ఉన్న కుషన్ వాడండి, గోరువెచ్చని కాపడం పెట్టుకోండి, మలబద్ధకం రాకుండా చూసుకోండి. లేచే ముందు కాస్త ముందుకు వంగి లేవండి. షాక్ అబ్జార్బర్లు సరిచేయించి, సంజ్ఞ అలవాటు చేసుకుని, ఒక ఆదివారం వికారాబాద్ అనంతగిరి దాకా వెళ్లిరండి. మర్నాటికి నొప్పి పెరగకపోతే హంపికి బయల్దేరండి. ఒక్క రోజులో మాత్రం కాదు. కర్నూలు దాకా 215 కిలోమీటర్లు మంచి నాలుగు వరుసల రోడ్డు, రాత్రికి అక్కడ ఆగి మర్నాడు బళ్లారి మీదుగా వెళ్లండి. మీ వయసుకు, ఆ సీటుకు రోజుకు 250 కిలోమీటర్లు దాటకపోవడం మేలు. అనంతగిరి నుంచి వచ్చాక నొప్పి పెరిగితే ఆయన్ను బండి మీద వెళ్లమనండి, మీరు బస్సులో హంపి దగ్గరి హోసపేట చేరుకోండి. హంపి గుళ్ల మధ్య తిరిగే పది, పదిహేను కిలోమీటర్లకు ఆయన వెనక ఎక్కితే ఎవరూ కాదనరు.

మరో నెలకు కూడా నొప్పి ఇలాగే ఉంటే పక్క నుంచి తీసే ఎక్స్‌రే అవసరం, ఎముకల డాక్టర్‌ను కలవండి. ఒక కుదుపు తర్వాత వీపు మధ్యలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి మొదలైనా, పాదం పైకి లేవకపోయినా, ఒక్క పిక్కే వాచి నొప్పి పెట్టినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. తొడల మధ్య భాగం స్పర్శ తెలియకపోవడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండానే పోవడం ఉంటే తెల్లారే దాకా కూడా ఆగొద్దు.

– ఆర్థోపెడిక్ సర్జన్