పింటో అనుబియాస్‌ను ట్యాంకులో పెట్టే ముందు

చిరంజీవి కార్తీక్‌కు ఆశీస్సులు.

అక్వేరియం నీళ్ళలో పెంచే, తెలుపు పచ్చ కలిసిన ఆకుల మొక్క అనుబియాస్ నానా పింటోను టిష్యూ కల్చర్ కప్పులో (ల్యాబులో జెల్ మీద పెంచి ఇచ్చే కప్పు) తెప్పించుకున్నావట. మంచి మొక్క, ఖరీదైనది కూడా. తొందరపడకుండా ముందు ఇది చదువు.

ఆకులో తెల్లగా ఉన్నచోట పత్రహరితం ఉండదు. ఆ భాగం తన తిండి తాను వండుకోలేదు, పక్కనున్న పచ్చభాగం వండింది తిని బతుకుతుంది. పింటో విషయంలో ఏం చేసినా ఈ ఒక్క సంగతీ మనసులో పెట్టుకుని చెయ్యి.

కప్పులోంచి తీశాక మొక్క వేర్లకు అంటిన జెల్‌ను మామూలు నీళ్ళలో మెల్లగా పూర్తిగా కడుగు. మిగిలిపోతే కుళ్ళుతుంది. మొక్కలు ఎక్కువ కనబడాలని ఒక్కొక్క పిలకా విడదీయకు, కనీసం నాలుగైదు ఆకులున్న గుత్తులుగా ఉంచు. రైజోమ్‌ను, అంటే అడ్డంగా పాకే ఆ లావుపాటి కాండాన్ని, మట్టిలో గానీ ఇసుకలో గానీ పాతకూడదు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా వాగుల్లో ఇది రాళ్ళను, దుంగలను పట్టుకుని పెరుగుతుంది. పాతితే గాలి అందక రైజోమ్ మెత్తబడుతుంది. లావా రాయి మీదో, చెక్క మీదో జెల్ సూపర్ గ్లూ చిన్న చుక్కతో అంటించు, లేదా నూలు దారంతో కట్టు.

కప్పులో పెరిగిన ఆకులు నీళ్ళెరగవు. మొదటి వారాల్లో కొన్ని మెల్ట్ అవుతాయి, అంటే మెత్తబడి కరిగిపోతాయి. కంగారుపడి మొక్కను పీకి మరోచోట పెట్టకు. రైజోమ్ గట్టిగా ఉందో లేదో వేలితో నొక్కి చూడు, అదే అసలు పరీక్ష. మెత్తగా, దుర్వాసనతో ఉంటే స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో శుభ్రమైన పచ్చటి కండ కనబడేదాకా కోసెయ్. కుళ్ళిన ముక్కను ట్యాంకులో ఉంచకు.

తెల్లాకులు కదా అని లైటు పెంచేవాళ్ళు చాలామంది. అక్కడే దెబ్బతింటారు. పింటోకు కొత్త ఆకు రావడానికి వారాలు పడుతుంది, అంతకాలం ఒకే ఆకు మీద లైటు పడుతూ ఉంటే పచ్చ చుక్కల నాచు పట్టేస్తుంది. తెలుపు మీద అది ఇంకా అసహ్యంగా కనబడుతుంది, గీకితే ఆకు చిరుగుతుంది. పెద్ద మొక్కల నీడలో ఉంచి, రోజుకు ఆరేడు గంటల లైటు ఇవ్వు. నీళ్ళలో నైట్రేట్ 10–20 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉండాలి, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోకూడదు. కార్బన్ డయాక్సైడ్ ఉంటే మేలే, లేకపోయినా బతుకుతుంది.

నీటి వేడి 22–28 డిగ్రీలు ఉంటే హాయిగా ఉంటుంది. మన ఎండాకాలంలో ట్యాంకు సులభంగా 30 దాటుతుంది. మూత తీసి నీటి పైభాగం మీదుగా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్ళే పొయ్యి. బోరు నీళ్ళు పోస్తూ పోతే ఉప్పులు పేరుకుంటాయి. వారానికి పాతిక శాతం నీళ్ళు మార్చు. మున్సిపాలిటీ నీళ్ళయితే క్లోరిన్ తీసే మందు తప్పనిసరి.

ఇక రంగు నిలబెట్టుకోవడం. ఒక కొమ్మ పూర్తిగా పచ్చగా వస్తుంటే అది మిగతావాటికంటే వేగంగా పెరిగి మొక్కనంతా ఆక్రమిస్తుంది. చూసిన వెంటనే రెండు రంగులూ ఉన్న ఆకు దగ్గరికి కత్తిరించు. వరసగా మూడు ఆకులు పూర్తిగా తెల్లగా వచ్చినా అంతే, ఆ కొన తనను తాను పోషించుకోలేదు. వెనక్కి కోస్తే కింది కణుపు నుంచి కొత్త మొగ్గ రావచ్చు. ఆకు ఈనెలకు మధ్యనున్న భాగం పసుపు తిరిగిన లేతాకులను వేరిగేషన్ (పుట్టుకతో వచ్చే రెండు రంగుల మచ్చ) అనుకోకు, అది ఎక్కువగా ఇనుము లోపం. నిజమైన మచ్చకు అంచు కోసినట్టు స్పష్టంగా ఉంటుంది.

గోల్డ్‌ఫిష్‌తో కలిపి పెట్టకు. లేత తెల్లాకులను పెద్ద ప్లెకోలు (నాచు గీకి తినే చేపలు) గీకేస్తాయి.

రైజోమ్ ఎనిమిది పది ఆకులకు చేరాక రెండుగా కోసి, ఒక ముక్కను మూతున్న డబ్బాలో తడి మాస్ (ఆకుల మీద పట్టే నాచు కాదు, మెత్తటి నాచు మొక్క) మీద, నీళ్ళపైన విడిగా పెంచు. ట్యాంకులో ఏదైనా జరిగినా నీ దగ్గర మొక్క మిగులుతుంది.

ఇట్లు,
నీ పెదనాన్న