లాగౌట్ అయ్యాక కూడా సర్వర్ నడుస్తూ ఉండాలంటే

ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంలోని యంత్రాన్ని నెట్‌వర్క్ ద్వారా వాడే పద్ధతి) లాగిన్ అయి, బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచేలా కమాండ్ చివర & పెట్టి మొదలుపెట్టిన సర్వర్ మీరు బయటికి వచ్చాక ఒక్కోసారి నడుస్తోంది, ఒక్కోసారి ఆగిపోతోంది, ఎందుకని అడిగారు.

కనెక్షన్ తెగిపోతే లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం), మీ కమాండ్లను నడిపే ప్రోగ్రామ్ అయిన షెల్‌కు సిగ్‌హప్ అనే 1వ నంబరు సిగ్నల్ పంపుతుంది. షెల్ దాన్ని తన జాబ్‌లన్నిటికీ, అంటే తాను మొదలుపెట్టిన ప్రోగ్రామ్‌లన్నిటికీ, పంపి తాను ముగిసిపోతుంది. ఆ సిగ్నల్ వస్తే ఏం చేయాలో ముందుగా రాసుకోని ప్రోగ్రామ్ అక్కడితో ఆగిపోతుంది. మీరు ఎగ్జిట్ అని టైప్ చేసి వస్తే మాత్రం, బాష్ అనే షెల్‌లో హప్‌ఆన్‌ఎగ్జిట్ అనే సెట్టింగ్ ఆన్ చేసి ఉంటే తప్ప, బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లకు ఆ సిగ్నల్ వెళ్లదు. మీకు కనిపించిన తేడా అదే.

నేను మొదట్లో కంట్రోల్-జెడ్ నొక్కి ప్రోగ్రామ్‌ను కాసేపు ఆపి, దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపించే బీజీ, షెల్ నుంచి విడదీసే డిస్ఓన్ కమాండ్లు ఇచ్చి నిశ్చింతగా లాగౌట్ అయ్యేవాణ్ణి. ఒకసారి పైథాన్‌లో రాసిన చిన్న సర్వర్‌ను అలాగే వదిలేశాను. మర్నాడు నడుస్తున్న ప్రోగ్రామ్‌లను చూపే పీఎస్ కమాండ్‌లో ప్రాసెస్ కనిపిస్తూనే ఉంది, కానీ ఏ రిక్వెస్ట్‌కూ జవాబు రావడం లేదు. వచ్చిన ప్రతి రిక్వెస్ట్ గురించి అది తెరపై ఒక వరుస రాసేది; ఆ తెర ఇప్పుడు లేదు కాబట్టి, రాయబోయిన ప్రతిసారీ 5వ నంబరు ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్ వచ్చి, జవాబు పంపకముందే కనెక్షన్ మూసుకుపోతోంది. డిస్ఓన్ షెల్ జాబితాలోంచి పేరు తీసేస్తుందే తప్ప అవుట్‌పుట్‌ను ఎక్కడికీ మళ్లించదని నాకు ఆ రోజే అర్థమైంది.

అందుకే కమాండ్‌కు ముందు నోహప్ పెట్టండి. అది సిగ్‌హప్‌ను పట్టించుకోనివ్వదు, తెరకు వెళ్లాల్సిన అవుట్‌పుట్‌ను మీరున్న డైరెక్టరీలోని నోహప్.అవుట్ ఫైల్‌లోకి మళ్లిస్తుంది. అయినా > తో మీ లాగ్ ఫైల్ పేరు, దాని వెనక ఎర్రర్లూ అదే ఫైల్‌లోకి వెళ్లేలా 2>&1 మీరే రాసుకోవడం మేలు, ఎందుకంటే ఏ డైరెక్టరీలో ఉండి మొదలుపెట్టారో నెల తర్వాత గుర్తుండదు. మధ్యమధ్య చూస్తూ ఉండాల్సిన పనికి, లాగౌట్ అయ్యాక కూడా తెరిచే ఉండి మళ్లీ వచ్చి చేరగలిగే టెర్మినల్ ఇచ్చే టీమక్స్ హాయి. అయితే లాగిన్ సెషన్లను చూసుకునే లాగిన్‌డీ సెట్టింగుల్లో కిల్‌యూజర్‌ప్రాసెసెస్ అన్నది ఎస్ అని ఉన్న యంత్రాల్లో లాగౌట్‌తో నోహప్‌తో నడిచేవీ, టీమక్స్‌లో నడిచేవీ రెండూ పోతాయి.

అసలు సర్వర్ అన్నదాన్ని టెర్మినల్‌కు ముడిపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. యంత్రం రీబూట్ అయితే నోహప్ దాన్ని మళ్లీ లేపదు. లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీకి సర్వీస్ ఫైల్ రాయడానికి పది వరుసలు చాలు: ఎగ్జెక్‌స్టార్ట్‌లో ప్రోగ్రామ్‌కు పూర్తి పాత్, వర్కింగ్‌డైరెక్టరీ, పడిపోతే మళ్లీ లేపేలా రీస్టార్ట్‌కు ఆల్వేస్, మళ్లీ లేపే ముందు ఆగే సెకన్లైన రీస్టార్ట్‌సెక్‌కు 5. ఈ చివరిది మరవకండి. మామూలుగా ఆ విరామం 100 మిల్లీసెకన్లే కాబట్టి, మొదలవుతూనే పడిపోయే ప్రోగ్రామ్ 10 సెకన్లలో 5 సార్లు మొదలై పడిపోతుంది, ఆపైన సిస్టమ్‌డీ ఇక ప్రయత్నించదు. సర్వీస్‌ను స్టార్ట్ చేయడంతో పాటు ఎనేబుల్ కూడా చేస్తేనే రీబూట్ తర్వాత తనంతట తాను లేస్తుంది.

రూట్ (అడ్మిన్) అనుమతి లేకపోతే అదే ఫైల్‌ను యూజర్ సర్వీస్‌గా పెట్టుకుని, లాగిన్‌సీటీఎల్ కమాండ్‌తో ఎనేబుల్-లింగర్ చేయించుకోండి. అది లేకుంటే మీ చివరి సెషన్ ముగియగానే ఆ సర్వీస్ కూడా ఆగిపోతుంది.